గుంజకు కట్టిన మనిషి

మా బావ గంగాధరానికి కంటికి కనిపించేదే జబ్బు. కాలు విరిగితే జబ్బు. ఒంటి మీద పేలాలు వేగేంత జ్వరమొస్తే జబ్బు. ఆయన తమ్ముడు, అంటే మా ఆయన దేవరాజులు, రాత్రంతా చెంబు పట్టుకుని చేనిగట్టుకూ మంచానికీ తిరిగి, పగలు నిలబడిన చోటే తూగితే మాత్రం అది సోమరితనం. "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అని పదిమందిలో నవ్వేవాడు.

ఆ తిండి ఏపాటిదో నాకు తెలుసు. రెండు ముద్దల మజ్జిగన్నం. అదీ నిలవక నెత్తురూ జిగటా అయి పోయేది. పెద్దపేగు లోపలంతా పుండ్లని రాయవేలూరు డాక్టరు చెప్పాడు. మాత్రలు మింగి బాగా పడుకోవాలన్నాడు. కడుపులో మెలిపెడుతుంటే పడుకోవడం ఎట్లాగో ఆయనా చెప్పలేదు. ఎప్పుడైనా కునుకు పట్టినా ఒళ్లు తేరేది కాదు, రాళ్లు మోసినవాడిలా లేచేవాడు. బావకు చెబితే, డాక్టర్లు అందరికీ అదే చెబుతారులే అని కొట్టిపారేశాడు.

డెబ్బై ఎనిమిదిలో మా చెరుకు ఆడే వంతు వచ్చింది. ఆయిలింజను గానుగ తిరగడం మొదలైతే ఆపకూడదు. రసం ఆగితే పెనంలో ఉన్న బెల్లం పాకం మాడిపోతుంది. గానుగకు గెడలు అందించే పని బావ మా ఆయనకు పెట్టాడు. అక్కడ తూలితే చెయ్యి పోతుందని నేను గొడవపడ్డాను. దానికి బావ ఒక ఉపాయం కనిపెట్టాడు. మోకు తెచ్చి తమ్ముడి నడుముకు చుట్టి, వెనక గుంజకు కట్టేశాడు. ఇక ముందుకూ పడడు, చేనిగట్టుకూ పరిగెత్తడు. కూలీలు నవ్వారు. బావ తన తెలివికి తానే మురిసిపోయాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేలోగా మా ఆయన రెండుసార్లు మోకు విప్పమని అడిగాడు. మూడోసారి అడగలేదు, తూగాడు. బావ చెరుకుగెడతో వీపు మీద కొట్టాడు. గెడ విరిగింది. ఇంకోటి తీసుకుని మెడ మీద కొట్టాడు.

"లెయ్‌రా, పాకం మాడిపోతాది" అంటూ మళ్లీ కొట్టాడు. మా ఆయన తల వేలాడిపోయింది గానీ కళ్లు తెరవలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. చెరుకు కొట్టే కత్తి అందుకుని మోకు మీద వేశాను. బావ అడ్డం వచ్చి, నా జుట్టు పట్టి నేలకేసి కొట్టాడు. నోట్లో పన్ను కదిలింది. లేచి కత్తి విసిరాను. ఆయన మోచేతి కింద చర్మం విచ్చుకుంది. కావాలనే వేశాను. ఇంకొంచెం పైన తగిలినా ఏడ్చేదాన్ని కాదు.

అందరూ ఉరికొచ్చారు. ఒకడు తలగుడ్డ చించి బావకు కట్టు కట్టాడు. ఇంకొకడు బండి కట్టడానికి పరిగెత్తాడు. మా అత్త దేవకమ్మ శోకాలు పెట్టింది. ఎవరో ఇంజను ఆపారు. బావ నేల చూసి పాలిపోయాడు. గుంజ మొదట్లో చెరుకుపిప్పి అంతా ఎర్రగా తడిసి ఉంది.

"ఇంత నెత్తురు పోయినాదా నాది?" అన్నాడు.

"నీది ఈడ నాలుగు చుక్కలే బావా. గుంజకాడ ఉండాదే, అది నీ తమ్మునిది. ఏడాదిగా దినామూ పోతానే ఉండాది" అన్నాను.

బావ కట్టు మీద చెయ్యి అదిమిపెట్టుకునే దగ్గరికి వెళ్లాడు. తమ్ముడి పంచె వెనక తడిసి, నెత్తురు కాళ్ల వెంట కారుతోంది. వీపు తడిమాడు, తొడలు తడిమాడు. దెబ్బలు వాచి ఉన్నాయి గానీ తెగిన చోటు ఎక్కడా దొరకలేదు.

"యాడమ్మే తెగింది?" అని నన్నే అడిగాడు.

"లోపల" అన్నాను.

పెనం మాడుతున్న వాసన వచ్చింది. ఒక్కరూ అటు కదలలేదు. మోకు నేనే కోశాను, ఈసారి బావ అడ్డం రాలేదు.

బండి వచ్చింది. అంగుళం గాయానికి చిటికెలో వచ్చిన బండి అది. మా ఆయన కోసం నేను అడిగినప్పుడల్లా ఆ ఎద్దులకు తీరికే దొరికేది కాదు. బావ ఎక్కబోయి, ఆగి, పక్కకు జరిగాడు. పిప్పి పరిచి మా ఆయన్ను పడుకోబెట్టాం. బావ కట్టు కట్టిన తన చేతిని పట్టుకుని బండి వెనకే నడిచాడు.

చిత్తూరు దాకా అంతా గతుకుల దారి. ఒక్క గతుక్కీ మా ఆయన కళ్లు తెరవలేదు. అంత నిద్ర ఆయన పోగా నేను చూసి ఎన్నాళ్లయిందో. సంతోషపడాలో ఏడవాలో తెలియక, దారి పొడుగునా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాను.