కాపీ కొట్టనన్న దర్జీ

దర్జీకి ఉన్నది స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు తేల్చారు. ఒళ్లు బద్ధకమని అక్క తేల్చింది. అతని తలలో ఒక గొంతు మాట్లాడుతుంటుంది. అన్నిటికీ అడ్డంగా వాదిస్తుంది కనక దానికి వకీలని పేరు పెట్టుకున్నాడు. "వకీలట, వకీలు! పని ఎగ్గొట్టడానికి సాకులు," అని అక్క కొట్టిపారేసేది. లోకమంతా నమ్మకపోయినా సరే, అక్క ఒక్కతి నమ్మితే చాలని దర్జీ ఆశ. ఈ పరీక్షకు ఒప్పుకున్నది అందుకే.

ఊళ్లో అందరికీ చొక్కాలు తొడిగినవాడికి డాక్టరమ్మ టోపీ పెట్టింది. నిండా వైర్లు. బుర్ర పని చేస్తున్నప్పుడు రక్తం ఎక్కడ ఎక్కువ పారుతుందో ఆ టోపీ కొలుస్తుందట. పరీక్ష అయ్యేదాకా నోరు విప్పొద్దనేసరికి, అక్క ముక్కు ఎగరేసి గోడవారన కూర్చుంది.

"'క'తో మొదలయ్యే మాటలు వరసగా చెప్పండి," అంది డాక్టరమ్మ.

"కత్తెర, కాజా, కాలరు, కఫ్..." దుకాణంలో సరుకు అయిపోయింది. బండి ఆగింది.

వెంటనే వకీలు అందుకున్నాడు. కాకి, కోతి, కుంకుడుకాయ, కంచం... పుట్టి బుద్ధెరిగి ఒక్క మంచి మాట చెప్పనివాడు ఇవాళ ధారాళంగా అందిస్తున్నాడు! దర్జీ పెదాలు బిగించి కూర్చున్నాడు.

పరీక్ష అయిందో లేదో అక్క విరుచుకుపడింది. "నాలుగు మాటలకే నీరసం వచ్చిందా?"

"మిగతావి వకీలు చెప్పాడక్కా. అవి చెప్తే కాపీ కొట్టినట్టు కాదూ!"

డాక్టరమ్మ నవ్వాపుకుని కంప్యూటర్ తెరను అక్క వైపు తిప్పింది. అందులో దర్జీ తల బొమ్మ మీద, చెవి పైన ఒకచోట ఎర్రగా ఉంది. "ఎవరైనా మాట్లాడుతుంటే వింటాం చూడండి, అప్పుడు రక్తం ఎక్కువ పారేది ఇక్కడే. ఈయన ఆగిపోయాక ఇది మొదలైంది. గదిలో మనమెవరం మాట్లాడలేదు."

అక్క తెరను చూసింది, తమ్ముణ్ని చూసింది. "నిజంగానే వినబడుతుందట్రా నీకు?"

"నేను మొత్తుకునేది అదేగా!" దర్జీ సంబరం అంతా ఇంతా కాదు.

"ఏమంటుంటాడు వాడు?"

"కొత్తవేం లేవు. నువ్వు తిట్టేవే తిడతాడు. గొంతొక్కటే వేరు."

అక్కకు ఏడుపొచ్చింది. అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి పోదాం పద, నాన్నా," అంది.

దర్జీ ఉలిక్కిపడి డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఇప్పుడన్నది అక్కేనా అండీ? మీకూ వినబడిందా?"