ఆరని వార్నిష్

ముసురు పట్టిన మూడోనాడు పిన్ని ఇంట్లో భోజనాల బల్లకి పేపరు అంటుకుపోయింది. బాబాయి చదివినంతసేపు చదివి, పేపరు మీదే కళ్ళజోడు పెట్టి, స్నానం చేసి వచ్చేసరికి అది రానని మొరాయించింది. మెల్లగా లాగితే సగం వచ్చింది, సగం బల్ల దగ్గరే ఉండిపోయింది. ఉండిపోయిన సగంలో ఒక సబ్బు ప్రకటనా, రేపు కూడా వానేనన్న వాతావరణ సూచనా ఉన్నాయి. తడిగుడ్డతో తుడవబోతే గుడ్డ కూడా పట్టుకుంది. పిన్ని నడుం మీద చెయ్యేసుకుని కాసేపు చూసి, అల్లుడికి ఫోన్ చేసింది.

అల్లుడంటే సొంత కూతురి మొగుడు కాదు, అక్క కూతురి మొగుడు. చెక్క సామానుకి పాలిష్ పెట్టడం అతని వృత్తి. ఆ చుట్టుపక్కల అందరికీ పాలిష్ మేస్త్రి అంటేనే తెలుస్తుంది. అతని భార్య ఒక చిన్న వార్నిష్ ఫ్యాక్టరీలో కెమిస్టు. అక్కడివాళ్ళు ఆమెకి చక్కెరమ్మ అని పేరు పెట్టారు. మొదట వెక్కిరింతగానే పెట్టారు గానీ, వాడగా వాడగా అందులో వెక్కిరింత అరిగిపోయి పేరు మిగిలింది.

వార్నిష్‌కి ప్రాణం రెజిన్. నూనెలోంచి తీసిన ఆమ్లాలూ, గ్లిజరినూ, మరో పొడి ఆమ్లమూ కలిపి కెటిల్ అనే పెద్ద బానలో గంటల తరబడి వండితే తేనెలాంటి రెజిన్ దిగుతుంది. ఆ గ్లిజరిన్ బదులు సార్బిటాల్ వాడొచ్చని చక్కెరమ్మ ఎన్నాళ్ళుగానో చెబుతోంది. సార్బిటాల్ చక్కెరకి దగ్గర చుట్టం. టూత్‌పేస్టు ఎండిపోకుండా ఉండడానికి అదే వేస్తారు, చక్కెర లేని చప్పరింపు బిళ్ళల్లోనూ అదే ఉంటుంది. గ్లిజరిన్‌కి మూడు చేతులైతే దీనికి ఆరు చేతులని ఆమె యజమానికి బొమ్మ గీసి చూపించింది. ఒక్కో చెయ్యి ఒక్కో ఆమ్లాన్ని పట్టుకుంటుందనీ, అన్ని చేతులూ నిండితే చెక్క మీద పొర చాపలా అల్లుకుంటుందనీ చెప్పింది. యజమాని బొమ్మని మెచ్చుకుని, సొరుగులో పెట్టుకుని మరిచిపోయాడు.

చిన్నపిల్లల ఉయ్యాలలూ మంచాలూ తయారు చేయించే ఒకావిడ వచ్చి, మొక్కల సరుకుతో చేసిన వార్నిష్ ఉంటే చెప్పండి అని అడిగిన రోజున మాత్రం ఆయనకి సార్బిటాల్ మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ల్యాబులో చిన్న ఫ్లాస్కులో చక్కెరమ్మ వండిన నమూనా అద్దంలా ఆరింది. ఇక చూడాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పెద్ద కెటిల్ ఇంకా వెలిగించకముందే డబ్బాల మీద అతికించడానికి 'తీపి మెరుపు' అని కాగితాలు అచ్చయి వచ్చేశాయి.

చక్కెరమ్మ ఆయనకి ముందే చెప్పింది. ఆరు చేతులున్నదానితో తొందర పనికిరాదు. ముందు నూనె ఆమ్లాలతో కలిపి సన్నసెగ మీద వండాలి. అవి బాగా పట్టుకున్నాకే పొడి ఆమ్లం వెయ్యాలి. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే సరుకు ఉన్నట్టుండి చిక్కబడుతుంది. అప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. దించకపోతే కెటిల్లోనే గడ్డకడుతుంది, దించేస్తే బోలెడు చేతులు ఖాళీగా మిగిలిపోతాయి. ఖాళీ చేతులు ఊరుకోవు, గాలిలో తేమని పట్టుకుంటాయి. ఎండలో తెలియదు, వానల్లో తెలుస్తుంది.

ఆయన శ్రద్ధగా విని తల ఊపాడు. తీరా వండే రోజున, ఆమె భోజనానికి వెళ్ళిన సమయం చూసి, ఇంధనం కలిసొస్తుందని అన్నీ ఒకేసారి వేయించేశాడు. ఆమె తిరిగొచ్చేసరికి సరుకు గరిటెకి తీగలు సాగుతోంది. గడ్డకట్టకుండా దింపించడం తప్ప ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు. దీన్ని డబ్బాల్లో పోయించకండి, పక్కన పెట్టించండి అని ఆమె చెబుతుంటే, ఆయన ఒక డబ్బా తీసి ఆమె చేతిలోనే పెట్టి, నీ కష్టానికి గుర్తుగా ఉంచుకో అన్నాడు. ఆమె పళ్ళు బిగబట్టి ఆ డబ్బా ఇంటికి తెచ్చి మెట్లకింద పడేసింది. వానలు మొదలయ్యాక ఒక చెక్కముక్కకి పూసి చూపిస్తే ఆయనే దిగొస్తాడని ఆమె లెక్క.

ఆ డబ్బా భర్త కంట పడుతుందని మాత్రం ఆమె అనుకోలేదు.

పిన్ని ఫోన్ చేసిన రోజు సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి పాలిష్ మేస్త్రి బల్ల చూసొచ్చి గుమ్మంలో కూర్చుని, రంపంపొట్టుతో చేతులు రుద్దుకుంటున్నాడు. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి.

"మెట్లకింద డబ్బా మీరు తీశారా?" అని అడిగింది.

"తీశాను. పిన్నిగారి బల్లకి రెండు పూతలు వేశాను."

"నన్ను ఒక్క మాట అడగొచ్చుగా."

"అడగడానికేముంది? నువ్వు చేసిందే కదా. మా ఆవిడ చేసిన వార్నిష్ అని పిన్నిగారికి చెప్పి మరీ పూశాను."

ఆ మాటకి ఆమెకి కోపం రావలసింది. వచ్చింది కూడా, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మనిషి తనని నమ్మి పూశాడు. అలా నమ్మినందుకు తిడితే రేపటి నుంచి ఏ మొహంతో నమ్మమంటుంది? చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి పిన్ని ఇంటికి బయల్దేరింది. అతనూ లేచి ఉప్పుకాగితాలూ, గీకే రేకూ సంచిలో వేసుకుని వెంట నడిచాడు.

పిన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. అల్లుడు గారు కష్టపడి పూశారు పాపం అంది. ఇన్నాళ్ళూ మేము ఏది పడితే అది బల్ల మీద పెట్టి మరిచిపోయేవాళ్ళం, ఇప్పుడు బల్లే దేన్నీ మరిచిపోనివ్వడం లేదు అంది. మూడో మాట అనేలోపే చక్కెరమ్మ రేకు అందుకుని గీకడం మొదలుపెట్టింది. రేకుకి జిగురు ముద్దలు ముద్దలుగా చుట్టుకుంటోంది. ఉప్పుకాగితం ఒక్క రుద్దుకే పూడుకుపోతోంది. సగం బల్ల అయ్యేసరికి ఆమె మోచేతులు లాగేశాయి. మిగతా సగం అలాగే ఉంచు పిన్నీ, దాంతో పని ఉంది అని చెప్పి ఇంటికి వచ్చేసింది.

మర్నాడు యజమాని ఆమె మాట పూర్తిగా వినకముందే, అది వాతావరణం తప్పన్నాడు. రెండు రోజులు ఎండకాస్తే అదే ఆరుతుందన్నాడు. ఉయ్యాలలావిడ సరుకు అప్పటికే లారీ ఎక్కడానికి సిద్ధంగా గోడవారన పేర్చి ఉంది. తొందరగా ఆరడానికి కలిపే డ్రయర్ ఇంకాస్త కలిపి చూడమని ఆమెకి పురమాయించాడు. అది పనిచెయ్యదని ఆమెకి తెలుసు, చెప్పింది కూడా. చెప్పినా చెయ్యమన్నాడు కాబట్టి చేసింది. పైపైన తోలులా ఆరి, ముడతలు పడి, వేలితో నొక్కితే కింద నుంచి మెత్తగా కదిలింది. పాలమీద మీగడలా ఉందని ఆయనకే చూపించింది. ఆయన దాన్ని కాసేపు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ముడతల డిజైన్ అని అమ్మలేమా అన్నాడు.

ఆమె ల్యాబులోకి పోయి తలుపు వేసుకుని, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో గట్టిగా ఒక మాట అనుకుంది. ఆ మాట ఇక్కడ రాయదగింది కాదు.

ఆ సంగతంతా విన్న పిన్ని, ఎవరూ అడక్కుండానే యజమానికి ఫోన్ చేసింది. మీ వార్నిష్ మా బల్ల మీద అద్భుతంగా పనిచేస్తోంది, ఒకసారి టీకి వచ్చి చూసి వెళ్ళండి అని మర్యాదగా పిలిచింది. పొగడ్తకి పడని యజమాని ఎక్కడుంటాడు? దారిలోనే ఇల్లు కనక వచ్చాడు. పూర్తి చేతుల తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పిన్ని ఆయనని గీకని సగం వైపు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వ్యాపారం గురించి అడిగింది. వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు ఆయనకి రెండు మోచేతులూ బల్లకి ఆనించి ముందుకి వంగడం అలవాటు. భర్త పక్కన చక్కెరమ్మ గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. ఆపుదామా అని ఒక క్షణం అనిపించింది. ఆపలేదు.

టీ అయ్యింది. ఆయన లేవబోయాడు. చొక్కా లేవలేదు.

"తొందరపడకండి బాబూ. లాగితే సగమే వస్తుంది. మా పేపరు విషయంలో చూశాం" అంది పిన్ని, ఖాళీ కప్పు తీసుకుంటూ.

పాలిష్ మేస్త్రి స్పిరిటులో తడిపిన గుడ్డతో మోచేతుల దగ్గర ఒత్తి ఒత్తి విడిపించాడు. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, చక్కెరమ్మ వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఫ్యాక్టరీకి వెళ్ళగానే లారీ ఆపించాడు. అంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడైనా ఒక్కసారి నేను చెప్పినట్టు వండనివ్వండి, కెటిల్ దగ్గరికి ఎవరూ రాకుండా చూడండి చాలు అని ఆమె అడగబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. ఈ ఫ్యాక్టరీలో ఇక చక్కెర మాట వినపడకూడదన్నాడు. మిగిలిన సార్బిటాల్ బస్తాలని ఆ వారంలోనే ఒక టూత్‌పేస్టు కంపెనీకి తోలేయించాడు. తప్పు వండడంలో ఉంటే, శిక్ష వండని సరుకుకి పడింది. కత్తి వేలు తెగ్గోస్తే ఉల్లిపాయని ఉరి తీసినట్టుంది అని ఆమె ఇంట్లో అంది. పాలిష్ మేస్త్రికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

ల్యాబులో ఆమె దగ్గర ఒక సీసాడు సార్బిటాల్ మిగిలింది. రోజూ గ్లిజరిన్ రెజిన్ పరీక్షలు చేస్తూనే, పక్కన చిన్న ఫ్లాస్కులో దాన్ని వండింది. ముందు నూనె ఆమ్లాలు. అవి పట్టుకున్నాక, కొంచెం కొంచెంగా పొడి ఆమ్లం. సన్నసెగ. మధ్యలో యజమాని రెండుసార్లు తొంగి చూశాడు. ఏమిటని అడగలేదు, ఆమె చెప్పలేదు.

వచ్చిన రెజిన్‌తో వార్నిష్ కలిపి పిన్ని దగ్గరకి పట్టుకెళితే, పిన్ని బల్లకి రెండు చేతులూ అడ్డం పెట్టింది. అల్లుడు బల్ల పై పలకంతా శుభ్రం చేసి, పాత లక్క పాలిష్ పెట్టి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. చాలాసేపు బతిమాలాక, వెనక కాలు ఒకటి చూపించి, దానికి పూసుకో, ఎవరికీ కనపడదు అంది. పాలిష్ మేస్త్రి బల్లకింద పడుకుని ఆ ఒక్క కాలికి ఎంతో ఓపిగ్గా మూడు పూతలు వేశాడు.

వానలు ఆగలేదు. కిటికీ చెక్కలు ఉబ్బి తలుపులు పడలేదు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరయింది. బల్లకాలు మాత్రం గాజులా ఆరి, అలాగే నిలబడింది. చక్కెరమ్మ వెళ్ళినప్పుడల్లా బల్లకింద దూరి, దానికి కాగితం చుట్టి, తీసి చూసేది. కాగితం హాయిగా ఊడి వచ్చేది. ఈ సంగతి చెబితే యజమాని, ఒక బల్లకాలు చూసి ఫ్యాక్టరీ నడపమంటావా అన్నాడు. ఆమె బయటికొచ్చి, ఎందుకైనా మంచిదని రెండు చేతులూ ల్యాబు కోటు జేబుల్లో పెట్టుకుంది.

వానాకాలం చివర్లో ఉయ్యాలలావిడ మళ్ళీ వచ్చింది. సరుకు ఎందుకు ఆపేశారో సరిగ్గా చెప్పలేదని, తెలుసుకుందామని వచ్చింది. చక్కెరమ్మ ఏదో సంతకం కోసం అదే గదిలో ఉంది.

"సార్బిటాల్‌తో అసలు కుదరదు మేడమ్. మేం చెయ్యని ప్రయత్నం లేదు" అన్నాడు యజమాని.

"కుదిరింది" అంది చక్కెరమ్మ.

అంత మెల్లగా అన్న మాట అంత గట్టిగా వినిపిస్తుందని ఆమె కూడా అనుకోలేదు. యజమాని ఆమె వైపు చూసిన చూపులో, బయటికి పద, చెబుతాను అని ఉంది. ఆమె ఆగలేదు.

"వండడానికి టైమివ్వలేదు, అందుకే చెడింది. టైమిచ్చి వండింది మా పిన్నిగారింట్లో ఉంది. వస్తానంటే చూపిస్తాను."

ఉయ్యాలలావిడ వస్తానంది. ఆ సాయంత్రం ఇద్దరూ పిన్నిగారి బల్లకింద మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆవిడ తడి చేత్తో తడిమింది, గోటితో గీరింది, చెంప ఆనించి నునుపు చూసింది. చాలా బాగుంది అంది. అంతలో ఆవిడే, ఈ ఏడాదికి వేరే చోట సరుకు తీసేసుకున్నానమ్మా, వచ్చే ఏడు కనుక్కుంటాను, మీ సార్ ఒప్పుకుంటే చూద్దాం అంది.

మీ సార్ ఒప్పుకుంటే. ఒప్పుకోవడం మాట దేవుడెరుగు, ఆ సార్ మర్నాటి నుంచి ఆమెతో మాట్లాడడమే మానేసి, చెప్పదలుచుకున్నవి కాగితం మీద రాయించి పంపడం మొదలుపెట్టాడు. ఉద్యోగం తీసేస్తాడేమోనని పాలిష్ మేస్త్రి భయపడ్డాడు. తియ్యడు, తీస్తే రెజిన్ ఎవరు వండుతారు అంది ఆమె. ఆ ధీమా నిజమే గానీ, దానివల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదు. చెప్పింది వినని చోట అవసరమైన మనిషిగా ఉండడం కూడా ఒక విసుగే.

ఆ ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. ఊడుస్తూ వంగి చూస్తే వెనక కాలు ఒక్కటే మెరుస్తోందట, మిగతా మూడూ వెలవెలబోతున్నాయట.

"మిగతా కాళ్ళేం పాపం చేశాయే? వాటికి కూడా పూసిపెట్టు" అంది.

"లేదు పిన్నీ. చుక్క కూడా లేదు."

"లేకపోతే చెయ్యి."

"సరుకంతా అమ్మేశాడు. కెటిల్ ఇవ్వడు. దేంతో చెయ్యను?" అంది చక్కెరమ్మ, గొంతు పెరుగుతోందని తెలిసి కూడా తగ్గించకుండా.

సరేలే, అల్లుడు గారు ఇంట్లో ఉంటే ఇద్దరూ భోజనానికి రండి అంది పిన్ని. చక్కెరమ్మ రామని చెప్పింది. అయినా వెళ్ళారు.