కొలిచిన చెయ్యి

ఆ పేటలో ఆవిడను అందరూ బీపీ అక్క అనే పిలిచేవారు. క్లినిక్‌లో ఆరోగ్య కార్యకర్తగా పంతొమ్మిదేళ్లు. ఎవరు వచ్చినా ముందు ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోబెట్టేది. తరవాత పట్టీ చుట్టి మూడుసార్లు చూసేది. మొదటి అంకె వదిలేసి మిగతా రెండింటి సగటు రాసేది. నూట ముప్ఫై ఎనిమిదిని రౌండు చేసి నూట నలభై అని రాయమంటే చస్తే రాసేది కాదు. "అక్క రాసేలోపు లేని బీపీ వస్తుంది" అని జనం నవ్వుకునేవారు. నవ్వుకుంటూనే ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

ఈ మొండితనాన్ని నమ్ముకునే చెల్లెలు పైకొచ్చింది. యూనివర్సిటీలో ఆరోగ్య పరిశోధన చేస్తుంది. ఎనిమిదేళ్ల కిందట పరిశోధనకు రెండు వేల మంది బీపీ కావాల్సి వచ్చి అక్క కాళ్లావేళ్లా పడింది. డ్యూటీ దిగాక పద్నాలుగు నెలలు, ఇల్లిల్లూ తిరిగి అక్క కొలిచిపెట్టింది. పేపరు అచ్చయింది. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తమ రాతలో ఆధారంగా చూపిస్తే సైటేషన్ అంటారట. వాళ్ల లోకంలో పరువును దాంతోనే తూస్తారట. చెల్లెలివి మిగతా ముప్ఫై పేపర్లూ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు: తొమ్మిది వందల సైటేషన్లు. ఫోన్ చేసినప్పుడల్లా అంకె చెప్పేది. "అందులో కొలిచిందంతా నేనే" అని అక్క క్లినిక్ అంతా చెప్పుకుని మురిసిపోయేది. పిచ్చి తల్లి, చదివితే కదా!

ఆ సోమవారం సూపర్‌వైజరు సర్క్యులర్ తెచ్చాడు. ఇకమీదట కార్యకర్తలు బీపీ చూడకూడదు. వరండాలో ఆటోమేటిక్ మెషీన్ పెడతారు. వీళ్ల పని జనాన్ని వరసలో నిలబెట్టడం.

"నేనేం తప్పు రాశానండీ?"

"నువ్వని కాదమ్మా. మీలాంటివాళ్ల కొలతలు నమ్మడానికి లేదని పరిశోధనలో తేలిందట. కింద ఆధారాలు కూడా ఇచ్చారు చూడు."

చూసింది. మూడో ఆధారం చెల్లెలి పేరుతో, తను కొలిచిపెట్టిన పేపరే. క్లినిక్ డాక్టరమ్మను బతిమాలి పేపరు కంప్యూటర్లో తీయించి చదివించుకుంది. చివర, లోపాలు చెప్పుకునే చోట ఉంది: "కొలిచినవారు అంతగా శిక్షణ లేని స్థానిక కార్యకర్తలు. అంకెల్లో తప్పులు ఉండే అవకాశం ఉంది."

దాన్ని ప్రస్తావించినవాళ్ల పేపర్లు ఓ పది డాక్టరమ్మ తెరిచింది. అందులో ఏడుగురు చూపించింది ఈ వాక్యాన్నే. చెల్లెలి పేపర్లో కృతజ్ఞతల చోట అక్క పేరు కూడా లేదు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు లోకంలో కొత్తేమీ కాదు. ఈ మహాతల్లి తెప్ప మీద నిలబడే, దానికి చిల్లులున్నాయని ఊరంతా చాటింది. అక్కకు ఆరు రోజులు ముద్ద దిగలేదు. పరాయివాళ్లు చేసి ఉంటే తిట్టి పడుకునేది.

ఆదివారం చెల్లెలు స్వీట్ల పెట్టెతో దిగింది.

"అక్కా, ప్రొఫెసర్ని చేశారు! ఆ పేపరే గట్టెక్కించింది."

అక్క సర్క్యులర్ ముందు పెట్టింది. చదువుతూ ఉంటే చెల్లెలి ముఖం వాడిపోయింది.

"అచ్చుకు ముందు పేపరు పరిశీలించినాయన పట్టుబట్టాడక్కా. ఆ ఒక్క వాక్యం రాయకపోతే వేసేవాళ్లు కాదు. నిన్ను ఉద్దేశించి రాయలేదు."

"మరి ఇంకెవరు కొలిచారే?"

చెల్లెలు స్వీట్ల పెట్టె పక్కకు జరిపింది.

"నా అంకెల్లో తప్పు దొరికిందా?"

"లేదు. రెండు వందల మందికి మళ్లీ కొలిపించి చూశా. అన్నీ సరిపోయాయి."

"ఆ సంగతి రాశావా?"

"ఆయన అడగలేదు..."

అక్కకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. ఎత్తుకుని పెంచిన పిల్ల, తెలిసి తెలిసి రాసింది.

చెల్లెలు కణతలు నొక్కుకుంది. "పొద్దుటి నుంచీ తల తిరుగుతోందక్కా. ఒక్కసారి బీపీ చూడవూ?"

"మీ ఆఫీసులో మెషీన్ లేదా?"

"దాన్ని ఎవరు నమ్ముతారు? నువ్వు చూస్తేనే నాకు ధైర్యం."

అన్నాక గానీ ఏమన్నదో చెల్లెలికి తెలియలేదు.

అక్క లేచి సొంత మీటరు తెచ్చింది. ఐదు నిమిషాలు కూర్చోమంది. మూడుసార్లు చూసింది, మొదటిది వదిలేసింది, సర్క్యులర్ వెనక వైపు సగటు రాసింది: నూట అరవై ఏడు బై నూట రెండు. దాని కింద ఇంకో రెండు ముక్కలు రాసి చేతిలో పెట్టింది.

"ఎక్కువగా ఉంది. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికెళ్లు. ఈ కాగితమే చూపించు."

చెల్లెలు చదివింది. "కొలిచింది అంతగా శిక్షణ లేని స్థానిక కార్యకర్త. తప్పు ఉండే అవకాశం ఉంది."

"అక్కా..."

"నీ మాటే కదే. లెక్కలో కలుపుకో, తొమ్మిది వందల ఒకటి," అని అక్క పట్టీ చుట్టి పెట్టెలో పెట్టేసింది.