దోణిగల్ దాటొద్దు

పురుగులకు ఆకలయ్యే వేళకే మునీశ్వరికి తెల్లారుతుంది. పుంగనూరుకు నాలుగు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు, ఊరి పక్కనే చేను. అక్కడ మల్బరీ కొమ్మలు కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని షెడ్డుకు తెచ్చేసరికి ఆరవుతుంది. స్టాండ్ల మీద కొమ్మలు పరిస్తే పట్టుపురుగులు కరకరా నమిలేస్తాయి. మళ్లీ పదకొండుకు మేత, మూడుకు మేత, దీపాలు పెట్టే వేళకు ఇంకో మేత. చంటిబిడ్డనైనా పక్కింట్లో పడుకోబెట్టి పెళ్లికి పోవచ్చు గానీ, పట్టుపురుగుల్ని వదిలిపెట్టి ఎవరు మాత్రం ఊరు కదులుతారు? ఆమె అత్త శాంతమ్మ నలభై ఏళ్లుగా ఆ షెడ్డుతోనే కాపురం చేస్తోంది. సొంత తమ్ముడి పెళ్లికి కూడా తలంబ్రాలు పడీ పడగానే బస్సెక్కి వచ్చేసిన మనిషి.

అలాంటి ఇంట్లో మునీశ్వరికి రైలు పిచ్చి పట్టింది. మూడేళ్ల కిందట మదనపల్లె మార్కెట్లో పట్టుగూళ్లు అమ్మి, పాసుబుక్కు జిరాక్సు తీయించుకుందామని ఫిజా అనే పిల్ల నడిపే అంగడికి పోయింది. రైలు టికెట్లు తీసేదీ ఆ పిల్లే. జనం ఎక్కువుంటే కూర్చోబెట్టి, "ఇది సూస్తా ఉండక్కా" అని ఫోన్లో ఒక వీడియో పెట్టి ఇచ్చింది. కొండ కడుపులోంచి రైలొకటి బయటికొచ్చింది. కింద లోయ నిండా మంచు. వంతెన దాటిందో లేదో మళ్లీ ఇంకో కొండలోకి దూరింది. మునీశ్వరి ఆ వీడియోను ఆరుసార్లు చూసింది. జిరాక్సు మర్చిపోయి ఇంటికొచ్చింది.

మర్నాడే ఒక నోటుబుక్కు కొని, ఫిజాను అడిగి అడిగి దారంతా రాసుకుంది. కుప్పంలో బండెక్కితే బెంగుళూరు. పొద్దున్నే అక్కడ కార్వార్ పోయే పగటి బండి. హాసన్, సక్లేశ్‌పుర, దోణిగల్, కడగరవళ్లి, ఎడకుమేరి, సిరిబాగిలు, సుబ్రహ్మణ్య రోడ్డు. నడుమ యాభై ఏడు సొరంగాలు. ఏ పక్క కూర్చుంటే లోయ కనబడుతుందో, ఏ స్టేషన్లో ఏం తినాలో అన్నీ అందులో ఉన్నాయి.

మధ్యాహ్నం మేత వేశాక ఆ నోటుబుక్కు తీసి మొగుడు గంగులప్పకు చదివి వినిపించేది. సక్లేశ్‌పుర వచ్చేసరికి షెడ్డులో చల్లగాలి తిరిగేది. దోణిగల్ అనగానే గోడలు చల్లబడేవి. కడగరవళ్లికి స్టాండ్ల మధ్య పొగమంచు పారాడేది. ఎడకుమేరి దాకా చదివితే రేకుల కింద సన్నగా తుంపర పడేది.

ఎండాకాలంలో ఇంతకంటే ఏం కావాలి? బయట ముప్పై తొమ్మిది డిగ్రీలుంటే లోపల పురుగులు హాయిగా మేసేవి. ఆకు తడిస్తే మాత్రం వాటికి రోగం వస్తుంది. అందుకే పట్టు శాఖ సారు వచ్చినప్పుడు గోడకున్న వేడి, తేమ చూపే మీటరు చూసి, "దోణిగల్ దాటొద్దమ్మా, సరిపోతాది" అని రిజిస్టర్లో సంతకం పెట్టి పోయాడు. పక్కింటి వరలక్ష్మికీ షెడ్డు ఉంది. పన్నెండు కొట్టేసరికి, "మునీశ్వరక్కా, మా ఇంటికొచ్చి రవ్వంత సక్లేశ్‌పుర సదివి పో" అని కేకేసేది. పోయి చదివి, ఒక గ్లాసు మజ్జిగ తాగి వచ్చేది.

అందరికీ ఆమె ప్రయాణం కావాలి. ఆమె పోవడం మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

"పోయొస్తే ఆశ తీరిపోతాది గదక్కా," అంది వరలక్ష్మి ఒకరోజు, మొహమాటం లేకుండా. "తీరిపోయినాక చల్లగాలి యాడిది? మా పురుగుల గతేం గాను?"

మునీశ్వరి నవ్వేసింది గానీ ఆ మాట గుండెల్లో దిగింది. నలభై రెండేళ్లొచ్చాయి. ఇట్లా చదువుతూ చదువుతూనే ముసలిదైపోతానా అని మొదటిసారి భయమేసింది.

ఏప్రిల్లో మదనపల్లె పోయినప్పుడు ఫిజానే తేల్చేసింది. "మూడేండ్లుగా ప్లానే ఏస్తాండావు గదక్కా! తేదీ చెప్పు, నొక్కేస్తా."

తేదీ అంటే మునీశ్వరికి క్యాలెండర్ కాదు గుర్తొచ్చేది. పట్టుపురుగు ఎదిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని, కదలకుండా పడుకుని, పాత చర్మం వదిలి లేస్తుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన ఎనిమిదో నాడు పురుగు పండుతుంది. పండినవాటిని ఏరి వెదురు చంద్రికల మీద వదిలితే గూడు కట్టుకుంటాయి. ఆ ఐదు రోజులూ మేత పని లేదు. పట్టు రైతు బతుకులో సెలవంటూ ఉంటే అదే. మునీశ్వరి వేళ్లు మడిచింది. "జూన్లో వచ్చే పంటకు నాలుగో జ్వరం లేచిన తొమ్మిదో నాడు" అంది.

"అది ఏ తేదీ అక్కా తల్లీ?" అని ఫిజా తల పట్టుకుంది. ఇద్దరూ కూర్చుని లెక్కేసి తేదీ పట్టారు. ఫిజా నొక్కింది. మొగుడికీ తనకూ టికెట్లు చేతికొచ్చాయి.

అమ్మో, ఇంక ఆమెను పట్టేదెవరు! జూన్ పురుగులు షెడ్డుకొచ్చిన రోజు నుంచీ నోటుబుక్కు చేతిలోనే. అంతకుముందు మధ్యాహ్నం ఒక గంట చదివేది, ఇప్పుడు పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా. ఆకు వేస్తూ హాసన్, చెత్త ఊడుస్తూ సక్లేశ్‌పుర, గోడకు ఆనుకుని దోణిగల్. గంగులప్ప షెడ్డులో స్వెట్టరేసుకుని తిరిగాడు.

చల్లగా ఉంటే పట్టుపురుగు బద్ధకిస్తుంది. ఎదగడానికి రెండు మూడు రోజులు ఎక్కువ తీసుకుంటుంది. ఈ సంగతి మునీశ్వరికి తెలియనిదా? బాగా తెలుసు. సంబరంలో మర్చిపోయింది. ప్రయాణం నాటికి చంద్రికల మీద ఉండాల్సిన పురుగులు ఇంకా స్టాండ్ల మీదే పడి, మోపులకు మోపులు ఆకు మేస్తున్నాయి. పండడానికి ఇంకా మూడు రోజులు. బయట వాన జాడ లేదు. ఈ మూడు రోజులు ఎండ తగిలితే పంటంతా పోతుంది.

సర్దిన సంచి పక్కన కూలబడి మునీశ్వరి ఏడ్చింది. "నా చేతులారా నేనే చేసుకుంటి. ఫిజాకి ఫోన్ చేసి టికెట్లు వద్దంటా."

"చేసి సూడు," అంది శాంతమ్మ వాకిట్లోంచి. "నీ ఫోను తీసి పురుగులకు మేతేస్తా."

"ఎండకు ఎవురు సదువుతారు అత్తా?"

"నాకు సదువెక్కడిది? తడి గోనెలు కడతా. ఆకు వరలక్ష్మి ఇంటోళ్లు కోసి ఏస్తామన్నారు. మీ మామ ఉన్నప్పుడు ఏ రైలు సదివి సాకినాం పురుగుల్ని?"

"అప్పుడు ఇంత ఎండ యాడిది? పోనీ నువ్వే ఏదైనా ఊరు తలుచుకోరాదా అత్తా."

"నాకేం ఆశల్లేవు," అంది శాంతమ్మ కసురుకున్నట్టు. "పురుగులు సాకేదానికి ఆశలేంది? లెయ్, బస్సు పోతాది."

కుప్పం పోయే బస్సులో మునీశ్వరి సంచి ఒళ్లోంచి దించలేదు. కుప్పం స్టేషన్లో రైలొచ్చి ఆగినప్పుడు మాత్రం మొగుడి కంటే ముందే ఎక్కేసింది. మర్నాడు పొద్దున బెంగుళూరులో పగటి బండెక్కితే, గంగులప్ప కిటికీ సీటు ఆమెకిచ్చి పక్కన కూర్చున్నాడు. హాసన్ వచ్చింది. చెప్పుకున్నట్టే ఉంది. సక్లేశ్‌పుర వచ్చింది. గాలి చల్లగా మొహానికి తగిలింది. అప్పుడే వరలక్ష్మి ఫోన్.

"అక్కా, మీ షెడ్డు సెగలు కక్కుతాండాది. గోనెలు తడిపేది ఆలస్యం, ఆరిపోతాండాయి. పురుగులు తలలు పైకెత్తి మేత మానేసినాయి. సదువక్కా, ఫోన్లోనే సదువు, స్పీకర్ పెట్టినా!"

మునీశ్వరి గబగబా నోటుబుక్కు తీసింది. "కుప్పం... బెంగుళూరు... హాసన్..." బండి గోలలో అరిచి అరిచి చదివింది. "దోణిగల్... కడగరవళ్లి... ఏమన్నా సల్లబడిందా?"

"ఏమీ లేదక్కా. ఆకు అల్లాడను కూడా లేదు."

ఉండదు మరి. ఎక్కి కూర్చున్న బండి మీద ఇంకేం ఆశ మిగిలి ఉంటుంది? మునీశ్వరికి ఆ సంగతి నోటుబుక్కు చదువుతుండగానే తెలిసిపోయింది. ఇంకేదైనా ఊరు పట్టుకుందామని చూసింది గానీ కంగారులో ఒక్క పేరూ తట్టలేదు. అంతలో బండి సొరంగంలోకి దూరింది. చీకటి. ఫోను తెగిపోయింది.

సొరంగం దాటింది, సిగ్నల్ లేదు. ఇంకో సొరంగం. ఇంకొకటి. పెట్టెలో పిల్లలు చీకటి వచ్చినప్పుడల్లా ఓహో అని కేకలేస్తున్నారు. "మే, ఇటు సూడు, నీ లోయ!" అని గంగులప్ప భుజం తట్టాడు. మునీశ్వరి ఫోను వైపే చూస్తూ కూర్చుంది. మూడేళ్లు ఎదురుచూసిన లోయ పక్కనే పోతోంది, ఆమె కళ్లకు మాత్రం తలలెత్తిన పురుగులే కనబడుతున్నాయి. ఒక్క పంటే కదా అనుకోబోయింది. వరలక్ష్మి షెడ్డు గుర్తొచ్చింది. ఇక ముందు వచ్చే ఎండాకాలాలన్నీ గుర్తొచ్చాయి.

ఎడకుమేరిలో ఎదురుబండి కోసం రైలు ఆగింది. ఫోన్లో ఒక్క గీత సిగ్నల్ వచ్చింది. వెంటనే మోగింది.

"అక్కా!" వరలక్ష్మి పళ్లు టకటకలాడుతున్నాయి. "నాకొక దుప్పటి కప్పమని మా ఆయనకు చెప్తాండా, ఆగు."

"ఏమైంది?"

"మీ అత్త! నీ ఫోను తెగిపోయినాక పురుగుల్ని నాలుగు తిట్లు తిట్టింది. గంప బోర్లించి దాని మీద కూసుంది. కడాకు ఎవురికీ వినబడకూడదన్నట్టు సన్నంగా, 'నాకు ఊటీ బండి ఎక్కాలని ఉండాది' అనింది. అంతే! మెట్టుపాళెం, కల్లారు, కూనూరు... ఊర్ల పేర్లు గడగడా చెప్పేసిందక్కా. చిన్నప్పుడు వాళ్ల మేనత్త ఆడ తేయాకు తోటల్లో పని చేసొచ్చి చెప్పిన పేర్లంట. పెండ్లి గాక ముందునుంచీ కడుపులో పెట్టుకునుండాది! కూనూరు కాడికి వచ్చేసరికి చలికి ఆకు బిగుసుకుపోయింది. 'శాంతమ్మవ్వా, ఇంగ ఆపు' అని కాళ్లు పట్టుకున్నా."

"పురుగులు?"

"మేస్తాండాయి! చప్పుడు ఇను!"

ఫోన్లో కరకరలు వినిపించాయి. మునీశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో గంగులప్పకు అర్థం కాలేదు, ఆమెకూ అర్థం కాలేదు. నలభై ఏళ్లు ఒకే షెడ్డులో, పదిహేనేళ్లు తన పక్కనే ఆకు వేసిన మనిషి. ఒక్కనాడైనా నీకేం కావాలత్తా అని అడిగిన పాపాన పోలేదు.

"అత్తకియ్యి ఫోను."

తర్వాత శాంతమ్మ గొంతు, ఎప్పటి కంటే మెల్లగా. "తిన్నారా?"

"తిన్నాంలే. అత్తా, నీకు ఊటీకి టికెట్టు తీయమని ఫిజాకి చెప్తాను."

"ఇప్పుడెందుకు? పురుగులు గూడు కట్టనీ."

"కట్టినాక?"

"కట్టినాక తీయమను." శాంతమ్మ గొంతు సవరించుకుంది. "ఒక్క టికెట్టే. నాకు తోడు గీడు అక్కర్లేదు. ఆ నాలుగు దినాలు మీరిద్దురూ షెడ్డు కాడ ఉండండి."

"అట్లే అత్తా," అంది మునీశ్వరి. ఎదురుబండి దాటిపోయింది. రైలు కదిలింది. ఆమె ఫోను గంగులప్ప చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగింది.