మెడ ఎత్తకుండా చూసిన పిట్ట

నిచ్చెన మీద నుంచి పడ్డ లిఫ్ట్ మెకానిక్ మెడకు గట్టి పట్టీ వేసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంకో నెల దాకా తల పైకెత్తే యోగం లేదు. అలాంటివాణ్ణి వాళ్ళక్క పిట్టల్ని చూడటానికని పార్కుకు తోసుకొచ్చింది.

"పైకి చూడలేనివాడికి పిట్టలేంటే అక్కా?"

"ఇంట్లో కూర్చుని నా బుర్ర తింటున్నావు. కాస్త గాలన్నా పీల్చు."

అక్కడ పిట్టల్ని చూడటానికి వచ్చిన బృందమంతా దెబ్బలు తగిలి కోలుకుంటున్నవాళ్ళే. చంకకర్రలతో ముందు నడుస్తున్న టీచరమ్మ ఒక చెట్టు కింద ఆగింది. తలలో దువ్వెన గుచ్చుకున్నట్టుండే పిట్ట ఒకటి అక్కడికి వస్తుందని చెప్పింది. అందరూ మెడలు చాచి అరగంట సేపు కొమ్మకొమ్మా గాలించారు. ఆ అరగంటా మెకానిక్ ఒక్కసారి కూడా సణగలేదు. అక్కకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"ఇవాళ మనకు రాసిపెట్టి లేదు, పదండి," అంది టీచరమ్మ.

"ఇదిగో, నా కుర్చీ ముందే పురుగులు ఏరుకుంటోంది," అన్నాడు మెకానిక్ మెల్లగా.

అందరూ కిందికి చూశారు. దువ్వెన పిట్ట వాళ్ళందర్నీ ఒకసారి చూసి తుర్రుమంది.

"ఎప్పట్నుంచి చూస్తున్నావురా?" అక్క పళ్ళు నూరింది.

"వచ్చినప్పట్నుంచీ. మీకు చెట్టంతా ఉంది, నాకు అదొక్కటేగా!"

తర్వాతి ఆదివారం అక్క నిద్ర లేచేసరికే అతను బూట్లు తొడుక్కుని, కుర్చీలో గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాడు.