సాయంత్రం ఆస్పత్రి మీద ఫిర్యాదు

మా ఆవిడ ప్రభుత్వాస్పత్రిలో నర్సు. ఇన్నాళ్లూ పొద్దున్నే వెళ్లి, నేను షెడ్డు మూసి వచ్చేసరికి ఇంట్లో ఉండేది. ఏ మహానుభావుడికి పుట్టిందో ఈ బుద్ధి, ఇకనుంచి సాయంత్రాలూ ఆదివారాలూ కూడా ఆస్పత్రి తెరుస్తారట! పగలు పని మానుకుని రాలేనివాళ్ల కోసమట. మరి రోజంతా బండ్లు బాగుచేసి వచ్చి, చల్లారిన కంచం ముందు ఒంటరిగా కూర్చునే నా సంగతేమిటి?

వారం రోజులు ఓర్చుకున్నాను. పోట్లాడ్డానికి కూడా మనిషి లేకపోతే ఇల్లెందుకు చెప్పండి! తిక్కరేగి, డాక్టరమ్మనే నిలదీసి మా ఆవిణ్ణి పాత వేళలకు మార్పించుకు రావాలని బయల్దేరాను.

గుమ్మం దగ్గరే అటెండరు ఆపాడు.

"డాక్టరమ్మతో మాట్లాడాలయ్యా."

"టోకెన్ లేందే పంపనండీ. ఏం జబ్బు?"

"జబ్బేం లేదు."

"జబ్బు లేనివాళ్లకి టోకెన్ లేదు."

"అయితే తలనొప్పని రాసుకో!"

టోకెన్ తీసుకుంటే ముందు నర్సు బల్ల దగ్గరికి పంపిస్తారని నాకేం తెలుసు? మా ఆవిడ నన్ను చూసి బిత్తరపోయింది.

"ఏంటండీ, ఇలా వచ్చారు?"

"పేషెంటుని. నీ పని నువ్వు చూసుకో."

చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. మొహం చిట్లించింది. "ఇలా బుసలు కొడుతుంటే బీపీ సరిగ్గా ఎలా తెలుస్తుంది? కాసేపు నోరు మూసుకుని కూర్చోండి."

మూసుకున్నాను. ఇంట్లో అయితే జరిగే పని కాదు. మళ్లీ చూసింది. రెండో చేతికీ చూసింది. పట్టీ విప్పి, నా చెయ్యి వదలకుండానే లేచింది.

డాక్టరమ్మ గదిలోకి తనే తీసుకెళ్లింది.

"ఎప్పుడైనా కళ్లు తిరుగుతాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

"బండి కింద నుంచి లేచినప్పుడు తిరుగుతాయండీ. అది పొగ వల్ల లెండి."

"పొగ కాదు, బీపీ. ఇలాగే వదిలేస్తే పక్షవాతం వచ్చేది. ఎప్పుడైనా వచ్చి చూపించుకోవచ్చుగా?"

"పగలు షెడ్డు వదిలి ఎలా వస్తానండీ?" అనేసి నాలిక కరుచుకున్నాను.

"ఎన్నిసార్లు రమ్మన్నానో అడగండి మేడమ్! రేపంటారు, ఎల్లుండంటారు. ఈయన రేపు ఎప్పటికీ రాదు," అంది మా ఆవిడ.

డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "ఏదో మాట్లాడాలన్నారట, అటెండరు చెప్పాడు," అంది.

నిజం చెప్పొద్దూ, భయమేసింది. మా ఆవిడ మొహం చూస్తే ఇంకా భయమేసింది.

"అవునండీ. ఈ సాయంత్రాల సంగతే. ఎవరో ఒకరు వచ్చి, ఇదంతా దండగ, తీసేయండి అంటారు. వాళ్ల మాట వినకండి."

మా ఆవిడ గబుక్కున గుమ్మం వైపు తిరిగింది. తర్వాతి వాళ్లని పిలవబోయింది గానీ, మాట పెగల్లేదు.

"తర్వాత ఎవరండీ? రండి!" అని నేనే కేకేశాను.