పై గుత్తుల పూత

నేలకు హద్దు ఉంటుంది, పైకి ఎంత పోయినా అడిగేవాడు లేడు. ఇరవై ఏళ్లు ఉల్లిపాయలు అమ్మిన షావుకారు లెక్క అది. అందుకే వదినతో పొత్తు కలిసి వేసిన గ్రీన్‌హౌస్‌లో టమాటా మొక్కల్ని తాళ్లు కట్టి పన్నెండు అడుగులు ఎక్కించాడు. మనిషి చెయ్యి అందేంత వరకు గుత్తులు గుత్తులుగా కాశాయి. ఆ పైన మాత్రం పూసిన పూత పూసినట్టే రాలిపోతోంది.

“ఆదివారం తలలు తుంచేస్తాను,” అంది వదిన. “ఆకుల్ని మేపడానికా మనం నీళ్లు పోసేది?”

“తుంచితే సగం పంట పోయినట్టే వదినా. కారణం తెలియనీ.”

“నీకు తెలిసేలోపు నాకు మనవలు పుడతారు.”

నీళ్లు పైదాకా ఎక్కడం లేదా? ఆకులు నవనవలాడుతున్నాయి. వేడి ఎక్కువైందా? పై కిటికీలు తీసే ఉన్నాయి. నిచ్చెన వేసుకుని వరస వరసా వెతికాడు. తొమ్మిది వరసల్లో పైన ఒక్క పిందె లేదు. తలుపు పక్కనున్న పదో వరస మాత్రం కొసదాకా కాసింది. అదే విత్తనం, అదే ఎరువు, అవే నీళ్లు. మరి దీనికి అదనంగా ముట్టిందేమిటి?

నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. వదిన బుట్టతో లోపలికి వచ్చి, అలవాటు ప్రకారం తలుపు ధడాలున వేసింది. పదో వరస తాళ్లన్నీ తలుపు చట్రానికి బిగించిన తీగకే కట్టి ఉన్నాయి. తీగ జివ్వుమంది. పూలలోంచి పసుపుపచ్చటి పుప్పొడి సన్నగా రాలింది.

“వదినా, మళ్లీ వెయ్యి!”

“ఏం వెయ్యమంటావు?”

“తలుపు. కాస్త కోపంగా వెయ్యి.”

“పొద్దున్నే పిచ్చి పట్టిందా నీకు?” అంటూనే వేసింది. మళ్లీ రాలింది.

కింది గుత్తులు ఎలా కాశాయో అప్పుడు తట్టింది. పూత కదిలి పుప్పొడి రాలితేనే పిందె పడుతుంది. తాళ్లు కడుతూ, పిలకలు గిల్లుతూ పూతను తామే కదిపారు. పైన కదిపే చెయ్యి లేదు, ఆకు ఊగేంత గాలీ లేదు.

వదినను పది రోజుల గడువు అడిగాడు. కొనేవాళ్లకు రెండు ఉల్లి బస్తాలు పక్కపక్కన విప్పి తేడా చూపించినట్టు, ఐదో వరస తాళ్లను రోజూ మధ్యాహ్నం కర్రతో తట్టాడు. ఆరో వరసను ముట్టుకోలేదు.

తొమ్మిదో రోజు వదిన తనే నిచ్చెన ఎక్కింది. ఆరో వరసలో పూత ఎండి రాలుతోంది. ఐదో వరసలో వాడిన రేకుల వెనక మిరియాలంత పిందెలు. పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆపేసింది.

“ఆరో వరస కూడా నువ్వే తడతావా, నన్ను తట్టమంటావా?”

షావుకారు అప్పటికే ఇంకో కర్ర కోసం వెతుకుతున్నాడు.